ఊపిరికి భయపడని మేడం

ఏలూరులో మా పోలీసు పరేడ్ గ్రౌండులో తెల్లవారగానే కొత్తగా చేరిన అమ్మాయిలు పరుగు తీస్తుంటారు. వాళ్ళు నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు బూట్ల చప్పుడు కన్నా ముందు ఊపిరి నా చెవిన పడుతుంది. మొదటి చుట్టులో అది వినిపించీ వినిపించనట్టుంటుంది. వేగం పెరిగేకొద్దీ లోతవుతుంది. ఇంకా పెంచితే ఒకచోట ఉన్నట్టుండి ఉప్పొంగుతుంది. ఆ మార్పు విన్నప్పుడల్లా నాకు సుభద్ర మేడం గుర్తుకొస్తారు. తాడేపల్లిగూడెంలో నేను చదివిన డిగ్రీ కాలేజీలో ఆవిడ పీడీ, అంటే మాకు ఆటలు నేర్పే మేడం. పొట్టిగా, కాస్త లావుగా, నేతచీర కట్టుకుని కింద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని వచ్చేవారు. మొదటిరోజు చూసి మేమంతా కిసుక్కున నవ్వుకున్నాం. ఆవిడ మాతోపాటు గ్రౌండు చుట్టూ పరుగెత్తుతూ, ఎక్కడా మాట తడబడకుండా అటెండెన్స్ పిలిచేసరికి మా నవ్వులు ఎటుపోయాయో తెలీదు.

మాది కలిదిండి దగ్గర పల్లె. నాన్నకు చేపల చెరువులు. నాకేమో కానిస్టేబుల్ కావాలని కోరిక. సెలక్షన్‌లో పరుగు నెగ్గకపోతే మిగతా చదువంతా వృథా. నా చిక్కల్లా ఏమిటంటే, ఆయాసమంటే మా ఇంట్లో హడలు. మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, చిన్నవయసులోనే గుండెజబ్బుతో ఊపిరాడక పోయింది. ఆవిడ పేరే నాకు పెట్టారు. పేరు పెట్టి ఊరుకున్నారా, ఆవిడ జబ్బు కూడా నాకు వచ్చిందేమోనని కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తుండేవారు. మెట్లెక్కి కాస్త రొప్పినా కూర్చోబెట్టి మంచినీళ్ళు పట్టేవారు. అందుకని పరుగులో కూడా నేను నోరు బిగించుకునేదాన్ని. ఆయాసం కనిపించకపోతే జబ్బు లేనట్టేనని నా వెర్రి.

మేడం కొన్నాళ్ళు గమనించి, ఒకరోజు నన్ను ఆపి కారణమడిగారు. విని తేలిగ్గా తీసిపారేయలేదు. ముందు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. గుండె శుభ్రంగా ఉందని ఆయన చెప్పాకే మళ్ళీ గ్రౌండులోకి రానిచ్చారు.

“ఇక నోరు తెరువమ్మా,” అన్నారు. “ఒళ్ళు గాలి అడుగుతోంది. అడిగితే పెట్టడానికి సిగ్గెందుకు?”

ఆవిడ పాఠం విచిత్రంగా ఉండేది. నా పక్కనే పరుగెత్తుతూ మీ ఇంట్లో చేపల పులుసు ఎలా పెడతారో చెప్పమనేవారు. నెమ్మదిగా వెళుతున్నప్పుడు ముక్కలు కడగడం దగ్గర్నుంచి కొత్తిమీర దాకా పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. వేగం పెంచితే వాక్యాలు సగంలో తెగేవి. ఇంకా పెంచితే చింతపండు అని ఒక్క మాట, ఒక ఊపిరి, ఉప్పు అని ఇంకో మాట. ఆపైన పులుసూ లేదు, మాటా లేదు, ఊపిరొక్కటే. ఎవరి మాట ఎక్కడ తెగితే అక్కడే వాళ్ళ హద్దని, రోజూ దాని దగ్గరదాకా వెళ్ళివస్తుంటే అదే ముందుకు జరుగుతుందని చెప్పేవారు. నిజంగానే జరిగింది. తొలిరోజుల్లో ముక్కలు కడిగేసరికే తెగిపోయిన మాట, చలికాలం వచ్చేసరికి అదే వేగంలో పులుసు దించేదాకా నిలిచింది.

ఒకరోజు ఈల ఊదబోతూ ఆగి, నా వేళ్ళు నా మణికట్టు మీదే పెట్టించారు. నాడి అప్పటికే దడదడలాడుతోంది.

“నువ్వింకా కదల్లేదు. అది అప్పుడే బయల్దేరింది, చూశావా?” అన్నారు మెల్లగా. ఏళ్ళ తరబడి ఎంతమందికి చూపించి ఉంటారో, అయినా అప్పుడే మొదటిసారి చూసినట్టు ఆవిడ కళ్ళు మెరిశాయి. నేనడగకముందే నాకోసం సిద్ధమయ్యేదొకటి నాలోపలే ఉందని అంతవరకూ నాకు తెలీదు.

ఒక ఆదివారం నాన్న చెప్పాపెట్టకుండా హాస్టలుకొచ్చి, అక్కడ లేనని తెలిసి గ్రౌండుకు వచ్చేశారు. అప్పుడే చివరి చుట్టు ముగించి, మోకాళ్ళ మీద చేతులాన్చి, నోరంతా తెరిచి రొప్పుతున్నాను. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంటికి పదమని నా భుజం పట్టుకున్నారు. మేడం డాక్టరు మాట చెప్పబోతే వినలేదు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువులో గాలి చాలక చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అది పంటంతా పోయే గడియ. నాన్నకు తెలిసిన ఆయాసం అదొక్కటే, చెల్లెలిది కాక.

“నోరు తెరిచిందంటే అయిపోయినట్టేనండీ. చెరువుల్లో చేపల్ని చూసేవాణ్ణి,” అన్నారు.

“మరి చేపలు నోళ్ళు తెరిస్తే మీరేం చేస్తారండీ?”

“ఏరియేటర్లు వేస్తామండీ, నీళ్ళలోకి గాలెక్కడానికి.”

“మీ అమ్మాయికి ఆ యంత్రం లోపలే ఉందండీ. ఎంత కావాలో అంత తిరుగుతుంది, పని అయ్యాక అదే తగ్గుతుంది. నా మాట నమ్మక్కర్లేదు. ఒక్క చుట్టు తిరిగొస్తుంది, మీరే చెయ్యి పట్టుకుని చూడండి.”

ఆడమనిషి అంత మర్యాదగా అడిగితే నాన్న కాదనలేకపోయారు. పరుగెత్తి వచ్చి చెయ్యి చాచాను. ఆయన వేళ్ళ కింద నా నాడి తన్నుకుంటోంది. ఆయన కోసం నోరు మూసుకుందామనిపించింది. మేడం చూపు చూసి మూసుకోలేదు. కాసేపటికి ఆ నాడి పరుగు నిదానించింది. ముందు గబగబా, తర్వాత ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు. నాన్న తల వంచి, కళ్ళు మూసుకుని ఉన్నారు.

“తగ్గుతోందండీ,” అన్నారు. నా మణికట్టు వదలకుండానే మళ్ళీ, “మా చెల్లి చెయ్యి కూడా ఇలాగే పట్టుకుని కూర్చున్నానండీ. అది తగ్గనేలేదు.”

ఆ సంగతి ఆయన అంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మేడం ఓదార్చలేదు, పాఠమూ చెప్పలేదు. ఆయన నా చెయ్యి వదిలేదాకా పక్కన నిలబడ్డారు, అంతే. అలా ఊరుకోవడం ఎంత పెద్ద విద్యో నాకిప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాత నేను సెలక్షన్ నెగ్గాను. మేడం పోయి కొన్నేళ్ళయింది. గుండె ఎంత ఎత్తుకు ఎగసినా దిగివచ్చే దారి దానికి తెలుసన్న నమ్మకం ఆవిడ నాకిచ్చిందే. దానితోనే ఇన్నేళ్ళుగా బతుకుతున్నాను. కానీ ఆవిణ్ణి తలుచుకుంటే ముందుగా కళ్ళకు కట్టేది ఆ ఆదివారం, కండువాతో కళ్ళు తుడుచుకుని ఆవిడ వైపు తిరిగిన నాన్న.

“ఇంకొక్కసారి పరిగెత్తమనండి మేడంగారూ,” అన్నారాయన. “మళ్ళీ చూస్తాను.”