మూడో వాకోవర్

మా జిల్లా ఫుట్‌బాల్ లీగు గురించి ఎవరైనా అడిగితే, ముందు నా ఆట గురించి చెప్పి ఆ ముచ్చట తొందరగా ముగించేస్తాను. లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాను. బంతి మైదానానికి అటువైపు ఉన్నంతసేపూ చాలా బాగా ఆడేవాణ్ణి. అది నా వైపు వచ్చినప్పుడే పేచీ. బూట్లు విప్పేశాక లీగు సంఘానికి సహాయ కార్యదర్శినయ్యాను. బళ్ళో తెలుగు చెప్పే పంతులు కదా, నియమాలూ నోటీసులూ తప్పుల్లేకుండా రాస్తాడని పెట్టుకున్నారు. తప్పుల్లేకుండానే రాశాను. ఇప్పుడు చెప్పబోయే తప్పు కూడా ఒక్క అక్షరదోషం లేకుండా రాసిందే.

పెద్దవాళ్ళు చెప్పగా విన్నదేమంటే, మొదట్లో నాలుగే జట్లుండేవట. మిల్లు కార్మికులది ఒకటి, రైలు కాలనీది ఒకటి, కోట లోపలివాళ్ళది ఒకటి, కాలేజీది ఒకటి. లాగు ఉన్నవాడల్లా లీగు ఆటగాడే. మిల్లు మూతబడ్డాక ఆ జట్టు పోయింది. తర్వాత నర్సంపేట నుంచి, జనగామ నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి జట్లు వచ్చాయి. అందరికీ ఒకే చోట జాగా చాలక ఏ డివిజన్, బీ డివిజన్ అని రెండు మెట్లు కట్టారు. ఏలో ఎనిమిది జట్లు. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడాలి. చివరికి పైన మిగిలిన రెండు జట్లకు ఫైనల్. అట్టడుగున మిగిలిన రెండు బీలోకి దిగుతాయి, బీలో గెలిచిన రెండు ఏలోకి ఎక్కుతాయి. అంతే. ఇంతకు మించిన శాస్త్రం మా లీగులో లేదు.

పేపర్లో మాది సెమీ ప్రొఫెషనల్ లీగు అని రాస్తారు. తెలుగులో చెప్పాలంటే సగం వృత్తి. మ్యాచుకింత అని చేతిలో పెడతారు. దాంతో బూట్లు వస్తాయి, బస్సు వస్తుంది, బియ్యం రావు. బియ్యం మిగతా సగంలోంచి రావాలి. ఆ మిగతా సగం ఏమిటన్నది పట్టించుకోకపోతే సగం వృత్తి అనే మాటకు అర్థమే లేదు. మా ఆటగాళ్ళలో చాలామందికి ఆ మిగతా సగం పెళ్ళిళ్ళు. బ్యాండు వాయించేవాళ్ళు, టెంట్‌హౌస్‌లో గుంజలు పాతేవాళ్ళు, వంటవాళ్ళు, పూల పందిరి వేసేవాళ్ళు, పెళ్ళివాళ్ళను తిప్పే వ్యాన్ల డ్రైవర్లు. ఊరంతా పెళ్ళికి వెళ్ళిన రోజున వాళ్ళు పనికి వెళ్తారు.

అందుకే మా లీగు ఆషాఢంలో జరిగేది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఏ రోజు ఎవరి ఆటో ఫిక్చర్ వేసే రోజున బల్ల మీద ఒక పంచాంగం, పక్కన నమాజు వేళల కాగితం పెట్టుకుని కూర్చోవడం మా ఆనవాయితీ. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు ఏ డివిజన్ అయిపోవాలి. బీ డివిజన్ భాద్రపదంలో, అదీ వినాయకుడు నీళ్ళలోకి వెళ్ళాకే, ఎందుకంటే ఆయన ఊరేగింపుకీ బ్యాండు కావాలి. వానలకు ఏవైనా మ్యాచులు ఆగిపోతే మూఢం వచ్చేదాకా దాచుకునేవాళ్ళం. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు, మూఢంలో ఆటలేమిటని. మాకది మూఢనమ్మకం కాదు, సెలవుచీటీ.

ఆషాఢమంటే బురద కూడా. బురదలో నేను పడినన్ని సార్లు బంతి కూడా పడి ఉండదు. అందుకే, కిందటేడు కొత్తగా వచ్చిన అధ్యక్షుడు ఇకమీదట లీగు మాఘ ఫాల్గుణాల్లో, ఆదివారాలు, ఎండిన మైదానంలో, కెమెరా పెట్టి ఫోన్లలో ప్రత్యక్షంగా చూపిస్తూ జరుగుతుందని అన్నప్పుడు, ఎత్తిన చేతుల్లో నా చెయ్యే ముందు లేచింది. ఆయన చెప్పింది తెలివితక్కువ మాటేమీ కాదు. బట్టలు తెల్లగా ఉంటాయి, జనం వస్తారు, దుకాణాలవాళ్ళు బోర్డులు కడతారు. మాఘ ఫాల్గుణాలు నిండా ముహూర్తాలని అక్కడున్న పదహారు మందిలో ఏ ఒక్కరికీ తట్టలేదు. తట్టాల్సినవాడు తెలుగు పంతులు. ఆయన అప్పుడు కొత్త నియమాన్ని అందంగా రాసే పనిలో ఉన్నాడు. ఆట సమయానికి పదిహేను నిమిషాల్లోగా మైదానానికి రాని జట్టు ఓడినట్టు, దాన్నే వాకోవర్ అంటాం. మూడు వాకోవర్లయిన జట్టు పట్టికలో ఎక్కడున్నా బీ డివిజన్‌లోకి దిగినట్టే. రాసి, చదివి వినిపించి, బాగుందని మెప్పు కూడా పొందాను.

నర్సంపేట జట్టు ఆ ఏడాదే ఏ డివిజన్‌లోకి ఎక్కింది. ఎన్నో ఏళ్ళు బీలో రెండో స్థానానికి ఒక అడుగు దూరంలో ఆగిపోయిన జట్టు అది. అందులో ఆరుగురు ఒకే బ్యాండు మేళంవాళ్ళు. పెద్ద డ్రమ్ము మోసేవాడు డిఫెన్స్‌లో ఆడతాడు, ఆ కుర్రాణ్ణి దాటి వెళ్ళడమంటే డ్రమ్మును దాటి వెళ్ళడమే. గోల్‌కీపర్ వంటమనిషి. కెప్టెన్ క్లారినెట్ వాయిస్తాడు, ఆయన్ని మేమంతా భాయ్ అంటాం. నలభైకి దగ్గరపడ్డాడు, మోకాళ్ళు మూలుగుతున్నాయి. తాను మానేసేలోపు జట్టును ఏలోకి ఎక్కించి, అక్కడ ఒక్క ఏడాదైనా నిలబెట్టి చిన్నవాళ్ళ చేతికి ఇవ్వాలని ఆయన పట్టుదల. ఎక్కించాడు. నిలబెట్టడమే మిగిలింది.

మొదటి వాకోవర్ మాఘంలో మూడో ఆదివారం. రెండోది ఆ తర్వాతి ఆదివారం. మిగతా ఆటల్లో వాళ్ళు బాగానే నెగ్గుకొస్తున్నారు, పట్టికలో నాలుగో స్థానం. ఆ వారంలోనే భాయ్ సుబేదారిలో మా ఇంటికొచ్చాడు. టీ తాగుతూ ఫాల్గుణంలో ఏ రోజు ఏ లగ్నమో, ఏ ఊళ్ళో ఎవరి పెళ్ళో వేళ్ళ మీద చెప్పుకుంటూ పోయాడు. పంచాంగం నాకంటే ఆయనకే బాగా వచ్చు. రాబోయే ఆదివారం పాలకుర్తిలో పెళ్ళి, ఆర్నెల్ల కింద ఒప్పుకున్నది. అదే రోజు నాలుగు గంటలకు హనుమకొండలో రైలు కాలనీతో మ్యాచ్.

"సార్, సోమవారానికి జరుపుండ్రి. ఒక్క రోజు. నేను పెండ్లి ఇడిసిపెట్టి వస్తే ఇంకోసారి మా మేళాన్ని ఎవలన్న పిలుస్తరా?" అన్నాడు.

రైలు కాలనీ కెప్టెన్‌కు ఫోన్ చేస్తే, సోమవారమైతే తమకూ ఇబ్బంది లేదన్నాడు. అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను. సోమవారం కెమెరావాళ్ళు రారన్నాడు. ప్రొఫెషనల్ లీగంటే ఆటగాళ్ళే తేదీకి తగ్గట్టు ఉండాలి గానీ, తేదీ ఆటగాళ్ళకు తగ్గట్టు ఉండదన్నాడు. సగం అన్న మాటను ఆయన ఎప్పుడో వదిలేశాడు. మాదంతా నిండు వృత్తి అయిపోయింది, బియ్యం మటుకు ఇంకా రావడం లేదు.

ఆ ఆదివారం మ్యాచ్ కమిషనర్‌ని నేనే. అంటే కుర్చీలో కూర్చుని, గడియారం చూసి, మ్యాచ్ కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి. నాలుగయింది. రైలు కాలనీ పదకొండు మందీ మైదానంలో నిలబడ్డారు. ఎదురుగా ఎవరూ లేరు. నాలుగూ పదికి భాయ్ ఫోన్, నయీంనగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారట, ఇంకో పది నిమిషాలట. రైలు కాలనీ కెప్టెన్ నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"జర ఆగుదాం సార్. గిట్ల గెలిస్తే మాకేం ఇజ్జత్?"

ఆ మాట అన్నది ఆ వాకోవర్‌తో లాభపడే మనిషి. ఆగమని అడగడానికి అంతకంటే హక్కున్నవాడు మైదానంలో ఇంకెవడూ లేడు. రెఫరీ నా వంక చూశాడు. కెమెరా కూడా నా వంకే ఉంది, దాని మీద అంకెలు ఒక్కొక్కటే మారుతున్నాయి. ముప్ఫై ఏళ్ళు గంట కొట్టగానే గేటు వేయించిన పంతులు నాలో లేచి కూర్చున్నాడు. నాలుగూ పదిహేనుకు తల ఊపాను. రెఫరీ విజిల్ ఊదాడు. నేను రాసిన నియమం కింద నేనే సంతకం పెట్టాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

నాలుగూ పంతొమ్మిదికి బ్యాండు వ్యాను గేటులోకి వచ్చింది. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, కాళ్ళకు మటుకు ఫుట్‌బాల్ బూట్లు. వ్యానులోనే కట్టుకుని వచ్చారు. భాయ్ దిగి నా చేతిలో కాగితం చూసి ఆగిపోయాడు. జరిగింది నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

"నాలుగు నిమిషాలు సార్," అన్నాడు మెల్లగా. "పెండ్లికొడుకు గుర్రం దిగెటానికే గంతకన్న ఎక్కువ పట్టింది."

కోపంగా అని ఉంటే బాగుండేది. కెమెరావాళ్ళు సామాను సర్దుకున్నారు. అప్పుడు రైలు కాలనీ కెప్టెన్ బంతిని తీసుకుపోయి మైదానం నడుమ పెట్టాడు. భాయ్ వాళ్ళు కోట్లు విప్పి గోల్‌పోస్టు వెనక మడతపెట్టారు. రెఫరీ నన్ను అడక్కుండానే మళ్ళీ విజిల్ ఊదాడు. తొంభై నిమిషాలూ ఆడారు. నర్సంపేట రెండు ఒకటితో గెలిచింది. రెండో గోలు భాయ్‌దే. ఆ గోలును కెమెరా చూడలేదు, కాగితం చూడలేదు, కుర్చీలో ఒక పంతులు మాత్రం చూశాడు.

ఇంతవరకూ తప్పు నాదే, నన్ను నేను తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఫైనల్ రోజు నన్ను ఊరుకోనివ్వలేదు. ఐదింటికి ఆట. ముఖ్య అతిథి రాలేదు. ఐదూ పదిహేనైంది, ఎవరూ విజిల్ ఊదలేదు. రెండు జట్లూ వరసలో నిలబడి కాళ్ళు మార్చి మార్చి అలిసిపోయారు. ఆరుకు పది నిమిషాలుందనగా కారు వచ్చింది, పూలు చల్లారు. పంతొమ్మిది నిమిషాలు ఆలస్యమైన జట్టుకు వాకోవర్ ఇచ్చిన సంఘం యాభై నిమిషాలు ఆలస్యమైన మనిషికి శాలువా కప్పింది. ఈ వాకోవర్ ఎవరి ఖాతాలో రాయమంటారని అధ్యక్షుణ్ణి అందరి ముందూ అడిగాను.

"అతిథికి రూలేంది సార్? రూలు ఆడెటోళ్ళకు," అన్నాడు. నవ్వాడు కూడా.

ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగా నమ్మే అన్నాడు. మైదానాన్ని నడిపేవాళ్ళకు ఓపిక హక్కుగా రావాలి, మైదానంలో పరిగెత్తేవాళ్ళకు క్షమాపణ కూడా రాకూడదు! పెళ్ళిలో గంట ఆలస్యంగా వచ్చేవాడి ముందు నిలబడి వాయించేదీ వాళ్ళే, ఆ ఆలస్యానికి ఇక్కడ శిక్ష పడేదీ వాళ్ళకే.

సర్వసభ్య సమావేశంలో నిలబడి, విజిల్ ఊదించడం నా పొరపాటని, ఆ మూడో వాకోవర్ రద్దు చేసి ఆడిన ఆట ఫలితం రాయాలని ప్రతిపాదించాను. రైలు కాలనీ కెప్టెన్ నాకు మద్దతుగా చెయ్యెత్తాడు. ఓడిన ఆటను ఓడినట్టు రాయమని ఓడినవాడే అడుగుతున్నాడు! అయినా రెండు చేతులు తక్కువయ్యాయి. నేను రాసిన నియమాన్ని నాకే చదివి వినిపించారు. భాష బాగుందని ఇంకోసారి మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రమే భాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. వెనక డ్రమ్ము మోగుతోంది. కాస్త దూరం నడిచాడేమో, మోత తగ్గింది.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. నా మోకాళ్ళ పని అయిపోయింది, ఈ ఏడాదికి కెప్టెన్‌గ డ్రమ్ము పిలగాన్ని పెడ్తాన. బీ డివిజన్ ఎప్పుడు పెడ్తాండ్లు?"

అదీ వచ్చే ఫాల్గుణంలోనే అని చెప్పాను.

"మీరు ఆషాఢంల పెట్టిచ్చుండ్రి సార్. ఎక్కుడు మా పని," అన్నాడు.

ప్రత్యేక సమావేశం పెట్టించాలంటే ఏ డివిజన్ జట్లు ఐదు సంతకం చెయ్యాలి. ఈసారి కాగితం చాలా చిన్నగా రాశాను, అందంగా రాయలేదు. లీగు ఆషాఢానికి మారాలి, ఆలస్యానికి నియమం అందరికీ ఒకటే ఉండాలి, అంతే. మొదటి సంతకం రైలు కాలనీ కెప్టెన్‌ది. కోటవాళ్ళు పెట్టారు, కాలేజీవాళ్ళు పెట్టారు, నిన్న జనగామవాళ్ళు పెట్టారు. నాలుగు. ఇంకొక్కటి కావాలి. మిగిలిన జట్లలో ఒకదాని కెప్టెన్‌కు టెంట్‌హౌస్ ఉందని తెలిసింది. ఈ ముహూర్తాల్లో మనిషి దొరకడం లేదట, ఫలానా ఫంక్షన్‌హాల్ దగ్గర పొద్దున్నే పందిరి విప్పుతుంటాడని చెప్పారు. పెన్ను జేబులో పెట్టుకున్నాను, అక్కడికే బయల్దేరుతున్నాను.