సుగుణక్క కథలో లేని ఊరు

సంత్రా, అదే కమలాపండు, వలిచేటప్పుడు ముక్కుకు తగిలే ఘాటుకు ఇప్పటికీ నా గుండె ఒక్కసారి దడదడలాడుతుంది. పండును చూసి భయపడేదాన్ని లోకంలో నేనొక్కదాన్నే కాబోలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఎన్నో ఏళ్లు కాలేదు. కరీంనగర్‌లో కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరి, ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. గోడకు అవతలి వాటాలో సుగుణక్క, ఆమె భర్త ఉండేవాళ్లు. సుగుణక్క మా బడిలోనే పై తరగతులకు తెలుగు చెప్పేది. సాయంత్రం వంట దించాక గడప దగ్గర కూర్చుని, సంత్రా తొనలు ఒక్కొక్కటే తింటూ వారపత్రికకు కథలు రాసేది. కాగితాలకంతా ఆ వాసనే. వాటిని అందరికన్నా ముందు చదివేదాన్ని నేను. ఆ గర్వం నాకు తక్కువేం ఉండేది కాదు.

ఆ ఏడు ఆమె రాస్తున్న ధారావాహికలో ఒక ఇల్లాలు ఉండేది. భర్త కొట్టడు, తిట్టడు. తల ఎత్తి ఆమెను చూడనైనా చూడడు. ఆమె ఇల్లు విడిచిపోవాలని నిశ్చయించుకుంటుంది. చివరి భాగం ఒక్కటే రాయాల్సి ఉంది. అచ్చులో పడ్డది కల్పన అంటే మా వాడలో నమ్మేవాళ్లు లేరు. "టీచరమ్మా, ఎప్పుడు పోతున్నవు?" అని నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు నవ్వుతూ అడిగేవాళ్లు. ఆ నవ్వులాటే కొంప మీదికి తెచ్చింది.

ఆమె భర్త రామచంద్రయ్య కచేరీలో గుమాస్తా. నేను బావా అని పిలిచేదాన్ని. ఆయన మధ్యాహ్నం పూట బడి దాకా వచ్చి, కిటికీలోంచి భార్య కనబడగానే వెనక్కి తిరిగి పోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు వరండాలో నన్ను ఆపాడు.

"కథల గా మొగుడు నా లెక్కనే తల ఎత్తకుండ చాయ్ అడుగుతడు. నేను కొట్టిన్నా, తిట్టిన్నా? గామె తిరిగి వచ్చినట్టు రాయుమని మీ అక్కకు జర చెప్పు. గంతే."

జాలీ వేసింది, ఒళ్లూ మండింది. ఇన్నాళ్లు తల ఎత్తడానికి ఏమైందట!

సుగుణక్కకు చెప్పాను. "తిరిగొస్తే కథ అబద్ధమైతది. రాకుంటే ఇల్లు ఆగమైతది," అంది. గొంతు తగ్గించింది. "నాకే సమజ్ అయితలేదు చెల్లె. పొద్దున చాయ్ పెడుతుంటే నేను పెడుతున్ననా, ఆమె పెడుతున్నదా అనిపిస్తది. నన్ను గుంజుతున్నది."

ఆ మాట విన్నప్పటి నుంచి గోడ అవతల గిన్నె చప్పుడైతేనే నాకు ఊపిరి ఆడేది. చప్పుడు లేకపోతే లేచి వెళ్లి చూసేదాన్ని. సంత్రా వాసన వచ్చిందంటే, ఆమెను గుంజే ఆ కథ ముందు మళ్లీ కూర్చుందని గుండె అదిరేది.

బడికి సెలవుండి కచేరీకి లేని ఒక రోజు, సుగుణక్క చెప్పులు వేసుకుని నా గుమ్మంలో నిలబడింది. చేతిలో సంచి కూడా లేదు. కథలో ఇల్లాలికి తను కట్టించిన నీలి చీరే కట్టుకుంది. "నేను బస్సెక్కుతున్న. వస్తవా?" అంది. తలుపుకు తాళం వేసి వెంటపడ్డాను. కాపలాకే వెళ్లాను.

జగిత్యాల వైపు పోయే బస్సు. ఊరు దాటాక కండక్టర్ వచ్చాడు. "యాడికమ్మా?" సుగుణక్క నోరు తెరిచింది. మాట రాలేదు. "అమ్మా, టికెట్టు యాడికి కొట్టాలె?" అతను విసుక్కున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఊరి పేరు రాయనే లేదు చెల్లె."

"కొండగట్టు, రెండు," అన్నాను.

గుడికని కొండ ఎక్కలేదు. కిందనే ఒక బండ మీద కూర్చున్నాం. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. "పోవుడు గురించే ఆలోచన చేసిన. పోయినంక యాడ పండుకుంటది, ఏం తింటది, ఎవలు తలుపు తీస్తరు, ఒక్కటి తెల్వది. కండ్లకు గంతలు కట్టి పంపుతున్న ఆమెను."

"మరి నువ్వక్కా?"

"తిరిగొచ్చే మనసుతోటి ఎక్కలే," అంది నెమ్మదిగా.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. తిరుగు బస్సు వచ్చేదాకా వదల్లేదు.

కరీంనగర్ బస్టాండులో రామచంద్రయ్య బావ చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ఇంటికి పోతే భార్య లేదు, నా గదికీ తాళం ఉందట. "వస్తవనుకోలే," అన్నాడు.

"ఇయ్యాలైతే వచ్చిన. రోజూ అడగకుండ్రి," అంది సుగుణక్క.

ఆయన తలెత్తి ఆమెను చూశాడు.

చివరి భాగంలో ఆ ఇల్లాలు ఇచ్చోడ అనే ఊళ్లో బస్సు దిగింది. బడిలో పని అడిగింది, గది అద్దెకు తీసుకుంది, మొదటి రోజు జొన్నరొట్టె మాడ్చింది. తిరిగి రాలేదు. ఆ కాగితాలు పోస్టులో వేసి వచ్చింది బావే. దారిలో విప్పి చదివాడో లేదో నాకు తెలియదు. సుగుణక్క మాత్రం ఆ ఇంట్లోనే ఉండి, ఇంకా చాలా కథలు రాసింది.

నా ఉద్యోగకాలమంతా ఎందరో ఆడవాళ్లు నా ముందు కూర్చుని "నేను పోత టీచర్" అని ఏడ్చారు. ఎందుకని నేను అడగలేదు. యాడికి పోతవు, తలుపు ఎవలు తీస్తరు అని అడిగాను. చెప్పగలిగినవాళ్లను నేనే తీసుకెళ్లి బస్సెక్కించాను. చెప్పలేనివాళ్లకు మా ఇంట్లోనే చాప పరిచాను.