పట్టెడలో ఒక మువ్వ తక్కువ

ఆ రోజుల్లో (మరీ పాతవేం కావు, చేతిలో ఫోను ఉన్నవాడికి అన్నీ తెలుసని ఇంట్లోవాళ్ళు నమ్మిన రోజులే) మా అక్క కూతురు చిట్టికి ఏ బొమ్మ ఇవ్వచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చే పని నాది. ఎవరూ అప్పగించలేదు, డిగ్రీ అయిపోయి గోపాల్‌పేటలో ఖాళీగా ఉన్నాను కనక నేనే నెత్తిన వేసుకున్నాను. వీడియోలు చూసీ చూసీ నాకు బొమ్మలంటేనే భయం పట్టుకుంది. బావ తెచ్చిన కారులో బిళ్ళ బ్యాటరీ ఉందని అటకెక్కించాను. ఎలుగుబంటి కళ్ళు ఊడొస్తాయని దాన్నీ ఎక్కించాను. గిలక్కాయ రంగు మంచిది కాదన్నాను. "మరి పిల్ల దేంతోని ఆడాల్రా, నీ మొఖంతోనా?" అని అక్క విసుక్కుంది.

అందుకని పెబ్బేరు సంతకు పోయినప్పుడు లేగదూడ మెడకు కట్టే పట్టెడ ఒకటి కొన్నాను. మెత్తటి తోలు, వరసగా చిన్న ఇత్తడి మువ్వలు. బ్యాటరీ లేదు, రంగు లేదు. వేడినీళ్ళలో కడిగి, ప్యాంటు కింద మడతలు పెట్టుకుని (అదే నా ఫ్యాషన్) చాప మీద కూర్చుని, చిట్టిని ఒళ్ళో పెట్టుకుని చేతికిచ్చాను. "దూడది పిల్లకిస్తరా?" అంది అమ్మ. దీనికన్నా మంచిది దొరకదన్నాను. చిట్టి దాన్ని చీకి, లాగి, ఊపి, కేరింతలు కొట్టింది. కాసేపటికి చూస్తే పట్టెడ నడుమ దారం ముక్క వేలాడుతోంది. అక్కడుండాల్సిన మువ్వ లేదు.

చిట్టి పట్టెడను ఊపుతూనే ఉంది. చాప దులిపాం. మంచం కింద వెతికాం. అక్క చిట్టి నోట్లో వేలు పెట్టి చూసింది. లేదు. పిల్ల ఒక్కసారి దగ్గింది. "మింగిందే," అంటూ అమ్మ గోడ పట్టుకుని కూలబడింది.

పట్టెడను చాప మీదే వదిలి బండి తీశాను. పిల్లను గుండెకు అదుముకుని అక్క వెనక ఎక్కింది. వనపర్తి దారిలో మొదటి గతుకు దగ్గర ఘల్లుమంది. "ఇన్నవారా? లోపల మోగుతుంది," అంది అక్క ఏడుపు గొంతుతో. నేనూ విన్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా మోగుతూనే ఉంది. "జర మెల్లగ పో, కడుపుల గుచ్చుకుంటది," అంటుంది, ఆ వెంటనే "జల్ది పోరా," అంటుంది. ఈ పిల్లకేమన్నా అయితే అక్క ముందు ఎలా నిలబడాలి? దారిలో కనపడిన గుడికీ, దర్గాకూ, చర్చికీ మొక్కుకున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ చిట్టి పొట్ట మీద గొట్టం పెట్టి వింది. నేను ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డాను.

"ఏం మోగుతలేదు గదమ్మా."

"తొవ్వ పొడుగూత మోగింది మేడం," అంది అక్క.

ఎక్స్‌రే తీయించారు. అది వచ్చేదాకా నేను గోడకానుకుని అక్కడే నిలబడ్డాను. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "కడుపుల ఏం లేదు, పరేషాన్ కాకుండ్రి," అంది. పిల్లను ఎత్తుకుందామని నేను ఒక్క అడుగు ముందుకేశాను. ఘల్లుమంది. చిట్టి అక్క ఒళ్ళో కదలకుండా ఉంది. ముగ్గురూ నా కాళ్ళ వైపు చూశారు.

"బాబూ, నీ ప్యాంటు మడత జర ఇప్పు."

మువ్వ దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. ముందుగా నవ్వింది చిట్టే. ఆ నవ్వు చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నాకూ ఒక కొడుకు. బొమ్మల దుకాణంలో బొమ్మ కళ్ళు పీకి చూసి, వాసన చూసి, కొరికి చూస్తుంటే, "కొంటరా సార్, తింటరా?" అని అడిగాడు దుకాణదారు. ప్యాంటు మడతపెట్టడం ఆనాడే మానేశాను. అయినా బండి మీద పోతుంటే, ఎక్కడైనా ఎద్దు మెడలో మువ్వలు మోగితే, చెయ్యి చాపి వెనక కూర్చున్న కొడుకు పొట్ట తడుముతాను. "ఏంది నాయ్నా?" అంటాడు వాడు. ఏం లేదంటాను.