ఒక్కదాన్నే రాసిన పోటీ

నిన్న క్లినిక్‌లో నేను బీపీ చూసి పట్టీ విప్పగానే ఒక పెద్దాయన యాలక్కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. గదంతా ఆ వాసనే. తరవాతి పేషెంటును పిలవడం మరిచి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. సత్యానందం గారు గుర్తొచ్చారు. తొంభైల చివర్లో నేను కాకినాడలో ఎంబీబీఎస్ చదివేటప్పుడు ఆయన మాకు సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్ చెప్పేవారు. సిగరెట్లు మాని యాలకులు పట్టారట. ఆ సబ్జెక్టును మావాళ్లు లెక్కచేస్తేగా! క్లాసులో సగంమంది కునికిపాట్లు, మిగతా సగం క్యాంటీన్లో. ఆయన మాత్రం ఎంతమంది ఉన్నా ఒకే గొంతుతో చెప్పుకుపోయేవారు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఆవిడ పేరు మీద వైద్య చరిత్రపై వ్యాసరచన పోటీ పెట్టి మెడల్ కూడా చేయించారు. కనీసం ముగ్గురైనా రాయాలి, గెలిచినవాళ్లు లెక్చర్ గ్యాలరీలో నిలబడి అందరికీ చదివి వినిపించాలి. ఇదీ ఆయన పెట్టిన రూలు. ఆ ముగ్గురు ఏ ఏడూ దొరకలేదు. మెడల్ ఆయన బీరువాలోనే ఉండిపోయింది.

నేను రాజోలు పక్క పల్లెటూరి నుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినదాన్ని. హాస్టల్లో అందరూ ఇంగ్లీషులో జోకులేసుకుని నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలీక నేనూ ఓ నవ్వు నవ్వి ఊరుకునేదాన్ని. నా పేరు ఎంతమందికి తెలుసో కూడా అనుమానమే. ఆ మెడల్ నాకు కావాలి. అంతమందిలో ఒక్కసారి నా పేరు పిలిస్తే చాలు, ఇక్కడ నేనూ ఉన్నానని తెలుస్తుంది. పైగా సార్ ఆ ఏడే రిటైరవుతున్నారు. అందుకని మా కోనసీమలో బోదకాలు కథంతా రాశాను. కాలవలు, దోమలు, రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకెళ్లే ఫైలేరియావాళ్లు, వాళ్లను చూసి పెరట్లోకి పారిపోయే మేమూ. తీరా చూస్తే రాసింది నేనొక్కదాన్నే. నా రూమ్మేట్ పద్మను బతిమాలితే, "హిస్టరీ రాస్తే పీజీ సీటొస్తుందేంటే?" అంది. ఇంకెవరిని అడిగినా అదే పాట.

చివరికి నేనే ఒక ఉపాయం ఆలోచించి సార్ గదికి వెళ్లాను.

"మిగతా రెండూ కూడా నేనే రాసేస్తానండి. పద్మ పేరొకటి, మా పక్కగది సుజాత పేరొకటి పెడదాం. సంతకాలు పెడతామన్నారు."

ఆయన ముందు నవ్వారు. "చరిత్ర పోటీకే దొంగ చరిత్రా అమ్మా?"

"మరి మీరు వెళ్లిపోతున్నారు కదండీ. ఇంకెప్పుడిస్తారు?"

నవ్వు ఆగిపోయింది. "ఇవ్వలేనమ్మా. మా ఆవిడకి అబద్ధమంటే అస్సలు పడేది కాదు," అన్నారు. నాకెంత కోపమొచ్చిందో! లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి, "రేపు మధ్యాహ్నం గ్యాలరీకి రా. వ్యాసం తెచ్చుకో," అన్నారు.

వెళ్లాను. అంత పెద్ద గ్యాలరీలో సార్ తప్ప ఒక్క మనిషి లేడు. ఆయన ముందు వరసలో కూర్చుంటారనుకున్నాను. రెయిలింగ్ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి చిట్టచివరి బెంచీలో కూర్చున్నారు. చదవడం మొదలుపెట్టాను.

"వినపడట్లేదు!"

ఉక్రోషం ఆగలేదు. "పోటీ లేదు, మెడల్ లేదు. ఎవరున్నారని అరవమంటారండీ?"

"నేనున్నాను కదమ్మా," అన్నారు.

గొంతు పెంచాను. 'అరవయ్యేళ్ల ఒక స్త్రీ కాలు నలుగురికీ కనపడుతుందని పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది' అన్నచోట ఆయన చెయ్యెత్తారు.

"ఎవరావిడ?"

"మా అమ్మమ్మండి."

"పేరు లేదా ఆవిడకి?"

"సూరమ్మ."

"అయితే పేరుతో చదువు."

'మా అమ్మమ్మ సూరమ్మ' అని మళ్లీ మొదలుపెట్టాను. ఏడుపొచ్చింది కానీ ఆపలేదు. ఆ కాలేజీలో నా గొంతు నేను గట్టిగా విన్నది ఆ రోజే. అయిపోగానే ఆయన లేచి నిలబడి, ఒక్కరే చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. కళ్లు తుడుచుకుంటూ కిందికి దిగి, "మా ఆవిడ కూడా విని ఉంటే బాగుండేదమ్మా," అన్నారు.

ఆయన రిటైరై వెళ్లిపోయారు, పోటీ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆయన పోయిన కబురు కూడా నాకు నెలల తరవాత ఎవరో మాటల్లో చెబితే తెలిసింది. మెడల్ ఏమైందో తెలీదు. అది నాకే రావాల్సిందని ఇప్పటికీ అంటాను. రోగుల గురించి పత్రికకు ఏదైనా రాస్తే, పంపేముందు క్లినిక్ తలుపు వేసుకుని, గదిలో ఒక్కదాన్నే నిలబడి పైకి చదువుతాను. గొంతు మాత్రం తగ్గించను. రోగి ఎవరైనా పేరుతోనే చదువుతాను, పంపేటప్పుడు తీసేయాల్సి వచ్చినా సరే. చదువుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. అయిపోయాక చప్పట్లు వినపడవు చూడండి, అదే కష్టం.