దూరం నుంచి పిలిచే మాత్ర

వేదం చెవితోనే రావాలని చిన్నప్పుడు మా గురువుగారు మమ్మల్ని కాగితం ముట్టనిచ్చేవారు కాదు. ఆయన ఒకసారి చెబితే మేము రెండుసార్లు అనాలి. దాన్నే సంత అంటారు. అలా ఏళ్ళ తరబడి చదివినవాణ్ణి, నలభై దాటాక తంతి సంకేతాల మోర్స్ నేర్చుకోవడం ఏపాటి పని అనుకున్నాను. పొట్టి చప్పుడు, పొడుగు చప్పుడు. హ్రస్వానికి ఒక మాత్ర కాలం, దీర్ఘానికి రెండు. అంతే కదా!

గాలివానకు సెల్‌ఫోన్లు మూగబోయి, కాట్రేనికోనలో ఉన్న మా అక్క క్షేమం మూడు రోజులు తెలియని ఏడాది, నా మనసు ఫోన్లు లేకపోయినా దూరాలకు కబురందించే హామ్ రేడియో మీదికి మళ్ళింది. లైసెన్సుకు మోర్స్ పరీక్ష ఉంది. నేర్పుతానన్నది బండారులంకలో ఉండే మాస్టారు, తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైనవారు. కాలవ గట్టున వాళ్ళ ఇల్లు. అరుగు మీద బల్ల, దాని మీద చప్పుడు చేసే బజరూ, దాన్ని మోగించడానికి నొక్కే ఇత్తడి కీ.

పరీక్ష పది రోజుల్లో ఉందనగా ఆయన, "ఇవాళ మీరు పంపింది నేను తప్పుల్లేకుండా రాయగలిగితేనే వెళ్ళండి పంతులుగారూ. లేపోతే మళ్ళీసారి చూద్దామండి," అన్నారు.

దేవుణ్ణి తలచుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని పంపాను. ఆయన కాగితం నా వైపు తిప్పారు. వరసగా నాలుగు 'ఐ'లు.

"ఏం పంపేరండీ?"

"'అమ్మ' అని పంపేనండీ."

"నాకు ఐ, ఐ, ఐ, ఐ అని వినబడిందండీ. ఏదడిగినా ఆయ్, ఆయ్ అనే కొత్తల్లుడిలాగ!"

ఒక పొట్టి, ఒక పొడుగు అయితే 'ఏ'; రెండు పొడుగులయితే 'ఎం'; రెండు పొట్టి చప్పుళ్ళయితే 'ఐ'. నా పొడుగులన్నీ ఆయన చెవికి పొట్టిగానే చేరుతున్నాయి.

"దీర్ఘమే ఇచ్చేనండీ. సరిగ్గా రెండు మాత్రలు."

"మాత్రలేంటండి బాబూ, జొరమొచ్చిందా?"

మళ్ళీ పంపాను. మళ్ళీ ఐలే. అర మాత్ర తేడా వస్తే గురువుగారు పట్టుకునేవారు. నా దీర్ఘంలో లోపం లేదని ప్రమాణం చేయగలను. మరి ఎక్కడ పోతోంది?

అంతలో కాలవ రేవు నుంచి మాస్టారి భార్య కేక వినబడింది. "ఏవండోఓఓయ్! పొయ్యి మీద పాలున్నాయ్, చూసేరా?"

ఆయన లోపలికి పరుగెత్తారు. నా చెవిలో ఆ 'ఓ' ఉండిపోయింది. మూడు మాత్రలు. ప్లుతం! దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు అచ్చు మూడు మాత్రలు సాగాలని వ్యాకరణంలో చదువుకున్నదే. ఎదురుగా కూర్చున్నవారితో మాట్లాడే దీర్ఘంతో నేను ఎక్కడెక్కడివారినో పిలవబోతున్నాను. గర్భగుడి ముందు నిలబడి పిలవడం అలవాటైన గొంతు నాది. స్వామి దగ్గరలోనే ఉన్నాడన్న నమ్మకంతో పెరిగినవాడికి సాగదీసే అవసరం ఎప్పుడొచ్చింది?

మాస్టారు తిరిగి రాగానే అడిగాను. "పొడుగంటే పొట్టికి మూడింతలా అండీ?"

"ఆయ్. మొదటిరోజే చెప్పేను కదండీ!"

చెప్పే ఉంటారు. దీర్ఘం నాకు తెలుసన్న ధీమాలో నేను విని ఉండను.

వేళ్ళ మీద మాత్రలు లెక్కపెట్టుకుంటూ ఈసారి 'పాలు పొంగాయా' అని పంపాను. ఆయన ఆగకుండా రాసుకుపోయారు. చదువుకుని నవ్వి, జవాబు పంపడానికి కీ తన వైపు లాక్కున్నారు. నేను పెన్సిల్ అందుకున్నాను. మధ్యలో ఒక అక్షరం జారిపోయినా జవాబు తెలుస్తూనే ఉంది: పొంగేయి. పరీక్షకి వెళ్ళండి.