శివప్ప తోలిన రెండు ట్రిప్పులు

పద్నాలుగేళ్లు ఊరికి ఉపాధి పనులు చేయించిన మనిషిని ఒక్క కాగితంతో ఇంటికి పంపేశారు. తప్పు చేశాడని కాదు. ఊళ్లో గెలిచినవాళ్లకు తమ మనిషి కావాలి, అంతే. గుమ్మఘట్ట మండలంలోని మా ఊరి ఫీల్డ్ అసిస్టెంటు శివప్ప సంగతే చెబుతున్నాను. టేపు పట్టి కొలిచాడంటే జానెడు అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదు. అందుకు కూలీలు తిట్టుకునేవారు కూడా. అయినా ఎండాకాలం పనిచోట నీడకు పట్ట కట్టారా, కుండలో నీళ్లున్నాయా అని ముందు చూసేది అతనే. అలాంటివాణ్ణి తీసేశారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అంతకుముందు అతను లారీ డ్రైవరు. బళ్లారి వైపు నుంచి ఖనిజం తోలేవాడు. పెళ్లయ్యాక మానేశాడు గానీ, హెవీ లైసెన్సును మాత్రం గడువు దాటనివ్వలేదు.

"లారీ లైసెన్సు ఇంకా దేనికి, పటం కట్టించి పూజ చేసేదానికా?" అని భార్య ఈశ్వరి ఎగతాళి చేసేది.

చివరికి అదే అక్కరకొచ్చింది. టిప్పర్ల యజమాని జయరాం పిలిచి తాళం చేతికిచ్చాడు. నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. నాలుగు గేర్లు మారేసరికి బండి మాట విందట. ఆర్నెల్ల తర్వాత ఇంట్లోకి జీతం రాబోతోందని ఈశ్వరి ఊపిరి పీల్చుకుంది.

పని ఎక్కడో జయరాం చెప్పలేదు. "నా బండి ఎంటే రా" అన్నాడు. తీరా పోయి చూస్తే మా ఊరి మిట్ట మీది నీటికుంట! ఉద్యోగం పోకముందు శివప్పే సున్నంతో గీత గీసి, కూలీలకు పనిగా చూపించిన చోటు. అరవైమంది పారలతో తవ్వాల్సిన ఆ కుంటను జేసీబీ తవ్వుతోంది. కూలీలూ ఉన్నారు, గట్టు మీద. పారలు పట్టుకుని వరుసగా నిలబడితే కొత్త ఫీల్డ్ అసిస్టెంటు ఫోనులో ఫొటో తీశాడు. హాజరు పడింది. "ఇంక ఇండ్లకు పోండి" అన్నాడు. ఖాతాలో పడే కూలిలో చారెడు వాళ్లకు, మిగతాదంతా యంత్రం పెట్టినవాళ్లకు. ఎదురు చెబితే పేరు కొట్టేస్తారు. ఎంత సిగ్గులేని పని!

శివప్ప మొదటి ట్రిప్పు తోలాడు. అదీ దాచను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా అని తలవంచుకుని తోలాడు. ఎవరి ప్లాట్ల చదునుకో ఆ మన్ను పోసి వచ్చాడు. రెండోసారి బండి నిండాక హనుమక్క డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, మా కూలీల గుంపుకు పెద్ద.

"నువ్వేనా శివన్నా? మా పొట్ట కొట్టేదానికి వాళ్లకు ఇంకెవురూ దొరకలేదా?" అంది.

శివప్ప గేరు వేశాడు. బండిని రోడ్డు వైపు తిప్పకుండా వెనక్కి పోనిచ్చాడు. కుంట అంచుదాకా పోయి తొట్టి లేపాడు. మన్నంతా మళ్లీ గుంతలోకే జారింది. జయరాం పరిగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, పిచ్చి పట్టిండాదా నీకు? ఆ మన్ను ఎవురు తీస్తారిప్పుడు?"

"ఫొటోలో ఉండేవాళ్లే తీస్తారన్నా" అని శివప్ప తాళం అతని చేతిలో పెట్టి, నడిచి ఇంటికి పోయాడు.

ఆ పూట ఈశ్వరి అతనితో మాట్లాడలేదు. నేను ఆమెను తప్పు పట్టను. మర్నాడు పొద్దున ఫొటోకు వరుస కట్టినప్పుడు మాత్రం చివర్న శివప్ప పారతో, పక్కనే ఈశ్వరి గంపతో నిలబడ్డారు. జాబ్ కార్డులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి మరి. ఫొటో అయింది. "ఇంక పోండి" అన్నాడు కొత్తవాడు. హనుమక్క చీర ఎగదోపుకుని గుంతలోకి దిగింది. ఆమె వెనకే శివప్ప, ఈశ్వరి, తక్కిన అందరూ దిగారు. జేసీబీ గట్టు మీద కాసేపు గుర్రుమంది. ఇంతమంది ఉన్న గుంతలోకి దాన్ని దించే ధైర్యం ఎవరికీ రాలేదు.