ఒక్క ఫాక్స్‌ప్రోతో ముప్పై ఏళ్ళు

రెండు నెలల కిందట ఒక పొద్దున నంద్యాలలో మా ఇంటి మేడమీద బట్టలు ఆరేస్తుంటే ఆళ్ళగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి విత్తనాల ప్లాంటులో నేనెప్పుడో రాసిన పాత ప్రోగ్రామును తీసేసి కొత్తది పెట్టడానికి వచ్చిన ఇంజనీరమ్మాయి మాట్లాడింది. ఆ రోజుతో నా ప్రోగ్రాము ఆపేస్తారట, కానీ ఒక్క సందేహం మిగిలిపోయిందట. కొత్తగా కోసిన వరి విత్తనాల లాటు ఒకటి, ఒకే రైతు పండించిన బస్తాలన్నీ, మొలక పరీక్షలో తప్పింది. కొత్త ప్రోగ్రాము దాన్ని విత్తనానికి పనికిరాదని కొట్టేసి బియ్యం మిల్లుకు పంపమంటోంది, నాది మాత్రం ఇరవై ఎనిమిది రోజులు ఆగమంటోంది. ఎందుకు సార్, అని అడిగింది. ఆ పంట వేసిన రైతు ప్లాంటు గేటు దగ్గరే కూర్చున్నాడట, సాయంత్రంలోగా తేల్చి చెప్పాలట.

ఎందుకో నాకూ గుర్తు రాలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి మనసొప్పక, వచ్చి చూసి చెబుతానని బస్సెక్కాను.

నాకు మరపు తక్కువ. ముఖ్యంగా నన్ను ఎవరు ఏమన్నారో అసలు మరచిపోను. గాంధీ చౌక్ దగ్గర సైకిల్ షాపు మేడమీద ఆరు నెలలు కంప్యూటరు లాంగ్వేజీ అయిన ఫాక్స్‌ప్రో నేర్చుకుని, సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటికొచ్చిన రోజు, మా బావ పంచలో కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటూ, తలైనా ఎత్తకుండా అన్న మాట నిన్న విన్నట్టుంది. “ఏందిరా, ఒక్కటే నేర్చుకుంటివా? అది పోతే యాడికి పోతావ్?” మా నాయన అక్కడే ఉండి కూడా బావను ఒక్క మాట అనలేదు. అదీ గుర్తుంది. ఆ తర్వాత నాతో చదివినవాళ్ళు ఏవేవో కొత్త లాంగ్వేజీలు నేర్చుకుని బెంగళూరు వెళ్ళారు, వాళ్ళలో ఒకడు మా మేనల్లుడి పెళ్ళి భోజనాల వరుసలో నలుగురూ వినేలా “ఇంకా ఆ నక్కనే మేపుతాండావా అన్నా?” అని నవ్వాడు. ఆ నవ్వుకు బదులుగా నేను ఇంకో లాంగ్వేజీ నేర్చుకోలేదు. నేర్చుకోలేక కాదు, నేర్చుకుంటే వాడు గెలిచినట్టవుతుందని. ఆ ఒక్కదానితోనే పత్తి మిల్లులకు, అవుకు దారిలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలకు, ఈ విత్తనాల ప్లాంటుకు ప్రోగ్రాములు రాసి ముప్పై ఏళ్ళు బతికాను. ప్రతి లైనూ ఎవరి సాయమూ లేకుండా ఒంటిగా రాశానని ఎక్కడికి వెళ్ళినా చెప్పుకున్నాను.

ఈ ప్లాంటు యజమాని మాటా గుర్తుంది. మొదటి ఏడాదే, హమాలీలందరి ముందు, “వీని కంప్యూటరు కంటే మా గుమాస్తా పలక నయం కదప్పా” అన్నాడు. నేనేం తప్పు చేశానో మాత్రం బస్సు ఆళ్ళగడ్డ చేరేదాకా ఎంత తవ్వుకున్నా తట్టలేదు. అన్యాయంగా అన్నాడనే ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

గేటు దగ్గర తువ్వాలు పరుచుకుని కూర్చున్న రైతు నన్ను చూసి లేచాడు. “నువ్వేనా కంప్యూటరు రాసినాయప్ప? నా ఇత్తనం సచ్చిందా, బతికుండాదా? ఒక మాట చెప్పప్పా, పొద్దుట్నుంచి టీలు తాగి తాగి కడుపు మండుతాంది.” చూసి చెబుతానని లోపలికి వెళ్ళాను.

ఆ అమ్మాయి నా ప్రోగ్రామును తెరిచి పెట్టింది. ఫాక్స్‌ప్రోలో లైను ముందు నక్షత్రం గుర్తు పెడితే కంప్యూటరు ఆ లైనును పట్టించుకోదు. తర్వాత చదివే మనిషి కోసం రాసుకునే మాట అది. నేను అలాంటివి రాసే రకం కాదు, నా రాత ఇంకొకడికి అర్థం కావాల్సిన అవసరం ఏముందనుకునేవాణ్ణి. అలాంటిది ఇరవై ఎనిమిది రోజులనే చోట, పైన నక్షత్రం గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కనిపించాయి. ‘అక్క చెప్పింది. ఇత్తనం నిద్రలో ఉంటది.’

కుర్చీలో వెనక్కి వాలాను. అప్పుడన్నీ గుర్తొచ్చాయి.

ఆ రోజుల్లో మొలక పరీక్ష ఒక చీకటి గదిలో జరిగేది. తడి గోనెసంచిలో వంద గింజలు వరుసగా పేర్చి, చుట్టి పెట్టి, కొన్నాళ్ళకు విప్పి మొలకలు లెక్కపెట్టే పని ఒక అక్క చేసేది. తడిలో నాని ఆమె చేతివేళ్ళు ఎప్పుడూ ముడతలు పడి ఉండేవి. నా ప్రోగ్రాము పెట్టిన మొదటి పంటకే ఒక వరి లాటు తప్పింది, నేను కొట్టేశాను. ఆమె నా బల్ల దగ్గరకొచ్చి, “కొత్త వడ్లు సామీ, నిద్రపోతాండాయి. సావలేదు. ఒక నెల ఆగి సూడు” అంది. నేను నవ్వాను. గోనెసంచి కాడుండే నువ్వు కంప్యూటరుకు పాఠం చెబుతావా అన్నాను కూడా. లాటు మిల్లుకు పోయింది, బియ్యమైపోయింది. నెల తర్వాత ఆమె దాచిపెట్టుకున్న పిడికెడు గింజలను తడి సంచిలో మొలకకు పెట్టి, ఆ సంచిని తెచ్చి నా కీబోర్డు పక్కన విప్పింది. సంచి నిండా తెల్లటి మొలకలు. యజమాని నన్ను పలకతో పోల్చింది ఆ మధ్యాహ్నమే.

అతను అన్నదాన్ని ముప్పై ఏళ్ళు మోశాను. నేను ఆమెను అన్నదాన్ని ఆ సాయంత్రమే దించేసుకున్నట్టున్నాను. ఎవరూ చూడని చోట ఆ ఒక్క లైను రాసి, చెల్లుకు చెల్లనుకున్నానేమో.

బయటికొచ్చి రైతుతో, “చావలేదన్నా. నిద్రపోతాండాయి. ఒక నెల ఆగు” అన్నాను. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, “ఈ మాట చెప్పేదానికి ఇంతమంది కావల్లనా? మా అవ్వైతే గింజ కొరికి చెప్తాండె” అన్నాడు. నేను నొచ్చుకోలేదు.

ఆ అమ్మాయి కొత్త ప్రోగ్రాములోనూ ఆ ఇరవై ఎనిమిది రోజులు చేర్చింది. అది పత్తి, మొక్కజొన్నల కోసం తయారైనది, వరి నిద్ర దానికి తెలియదు. పక్కన ఎవరు చెప్పారో రాయాలి, ఆమె పేరేంటి సార్, అని అడిగింది.

బావ ఒలిచిన శనక్కాయల పొట్టు కూడా గుర్తున్న నాకు ఆమె పేరు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం కాదు, నేనెప్పుడూ అడగలేదు. పని కాగానే బండి ఆత్మకూరు అనే ఊరి వైపు పోయే జీపు కోసం గేటు దగ్గర నిలబడేదని మాత్రం తెలుసు. ప్లాంటులో పాతవాళ్ళెవరూ లేరు. ఆ చీకటి గదిలో ఇప్పుడు గాజు తలుపుల పెట్టె ఉంది, మొలకలను కెమెరా లెక్కపెడుతుంది.

ఆ అమ్మాయికి నాలుగైదు లాంగ్వేజీలు వచ్చట. వాటిల్లో ఒకదానిలో, నా మాటనే ఉన్నదున్నట్టు దించుకుంది, ‘అక్క చెప్పింది’ అని. తర్వాత పాత కంప్యూటరు స్విచ్చి నన్నే ఆపమంది. ఆపాను. నెల దాటాక ఫోన్ చేసి, లాటు మొలిచిందని చెప్పింది. నా ముప్పై ఏళ్ళ పనిలో ఇంకా నడుస్తున్నది ఆ ఒక్క లైనే, అదీ నాది కాదు. ఈ మధ్య బండి ఆత్మకూరు బస్సు కనిపిస్తే, దిగే ముసలమ్మల్లో ఆమె ఉందేమోనని చేతివేళ్ళు చూస్తూ నిలబడిపోతున్నాను.